ఉప్పు పొట్టు, నాలుగు వందల ట్రేలు

కోనసీమ జిల్లా విడిగా ఏర్పడిన మరుసటి ఏడు జూన్ ఒకటో తేదీన నన్ను కొత్తపేట నర్సరీకి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. గోదావరి నడుమ మేట వేసిన లంకల్లో కూరగాయలు పండించే రైతులు కలిసి పెట్టుకున్న సంఘం మాది. దాని పేరు ఇక్కడ రాయను. పైన అధ్యక్షులు, పాలకవర్గం; వాళ్ల కింద జీతం మీద పనిచేసే మేనేజరు; ఆయన కింద మూడు నర్సరీలకు ముగ్గురు ఇన్‌చార్జిలు. ఇన్‌చార్జి అంటే వినడానికి దర్జాగా ఉంటుంది. ఉన్నదల్లా రెండెకరాల స్థలం, రెండు షేడ్‌నెట్ పందిళ్లు, ఒక సిమెంటు తొట్టి, పదకొండు మంది ఆడకూలీలు, ఒక బల్ల, ఒక రిజిస్టరు. ఉద్యాన డిప్లొమా పుచ్చుకున్న నాటి నుంచి ముప్పై ఏళ్లు ఆ సంఘంలోనే ఆ బల్లల వెనక కూర్చున్నాను. కూర్చున్నానన్నది మాటవరసకే, నారు పెంచే పనిలో కూర్చోవడం ఉండదు.

ఈ పని తెలియనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను. మా తాతల కాలంలో కూరగాయల నారు నేల మీద మడి కట్టి పోసేవారు. నారు పీకేటప్పుడు వేళ్లు తెగేవి. నాటిన మొక్క వారం పది రోజులు తల వాల్చేసి, బతుకుతుందో లేదో తెలియకుండా ఉండేది. ఇప్పుడు పల్చటి నల్ల ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. ఒక్కో ట్రేలో తొంభై ఎనిమిది గుంటలు. గుంటలో మట్టి వేయం, కొబ్బరి పొట్టు వేస్తాం. డొక్క, అంటే కొబ్బరికాయ మీది తొక్క నుంచి పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొడి అది. గుంటకొక విత్తనం వేసి, ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మూడు నాలుగు రోజులు పాలిథిన్ పట్టా కప్పుతాం. మొలక కళ్లు తెరవగానే పందిట్లో పరిచేస్తాం. నెల తిరిగేసరికి మొక్క తన వేళ్లు తనే పొట్టు చుట్టూ అల్లుకుని, లాగితే ముద్దతో సహా ఊడి వస్తుంది. అలాంటి మొక్కకు నాటినట్టే తెలియదు, మర్నాటికే నిలబడుతుంది.

లంకల్లో ఈ పనికి ముహూర్తం గోదావరే పెడుతుంది. జూలై, ఆగస్టుల్లో వరద లంకల మీదికి వస్తుంది. సెప్టెంబరులో నీరు తీసేసరికి చేల మీద కొత్త ఒండ్రు పరుచుకుని ఉంటుంది. అది కాలు దిగబడకుండా, అలాగని బిగిసిపోకుండా ఉండే కొద్ది రోజులనే పదును అంటారు. ఆ పదునులో మొక్క నాటితే వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. పదును దాటితే నేల పెచ్చు కడుతుంది, నాటినా మొక్క గిడసబారుతుంది. కాబట్టి నీరు తీసేనాటికి మొక్క ట్రేలో సిద్ధంగా ఉండాలి. టమాటాకు నాలుగు వారాలు, వంగకు అయిదు. వెనక్కి లెక్కవేసుకుంటే ఆగస్టు సగానికల్లా విత్తనం ట్రేలో పడితీరాలి. ఆ తేదీ దాటాక మేనేజరు వచ్చినా, మంత్రి వచ్చినా చేసేదేమీ ఉండదు.

ఆ ఏడాది ఇండెంటు ఇచ్చిన నలభై రెండు కుటుంబాల్లో పెద్దిరాజుగారిది ఒకటి. ఇండెంటు అంటే ఏ రైతుకు ఏ మొక్క ఎన్ని ట్రేలు కావాలో జూలైలోనే రాయించుకునే కాగితం. పెద్దిరాజుగారు జొన్నాడ ఎదుటి లంకలో కౌలుకు చేస్తారు. ముందటి ఏడు ఆలస్యంగా వచ్చిన రెండో వరద ఆయన నాటిన తోటను తుడిచిపెట్టేసింది, చేను బీడు పడింది. ఈ ఏడు కూడా పదునుకు మొక్క దిగకపోతే చేను అరటికి ఇచ్చేస్తానని భూమి గల ఆసామీ చెప్పేశాడు. అరటి ఒకసారి దిగిందంటే ఆ చేను మళ్లీ కూరగాయల కౌలుకు తిరిగి రాదు. ఆ చేను తప్ప పెద్దిరాజుగారికి వేరే ఆధారం లేదు. ఇండెంటు మీద సంతకం చేస్తూ ఆయన ఒక్కటే మాటన్నారు: "పదునుకి మొక్క అందించండి మేడంగారూ, మిగతాది నేను చూసుకుంటానండి." అందిస్తానని మాటిచ్చాను. అలాంటి మాట ఆ నెలలో నలభై రెండుసార్లు ఇచ్చాను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మాకు కావలసిన పొట్టు అప్పటిదాకా పొరుగు రాష్ట్రం నుంచి దిమ్మలుగా నొక్కి వచ్చేది. కోనసీమలో రోడ్డు పక్కన గుట్టలుగా పోసి ఉండే పొట్టును వదిలేసి, అంత దూరం నుంచి తెప్పించుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది. ముందటి ఏడు అక్టోబరులో రాజోలు అవతల, సముద్రానికి దాపున ఉన్న ఒక పీచు యార్డుకు వెళ్లి నమూనా తెచ్చాను. నీళ్లలో ఉప్పెంత ఉందో చూపే చిన్న చేతి మీటరు ఉంటుంది, ఈసీ మీటరంటారు. దానితో చూస్తే పొట్టు శుభ్రంగా ఉంది. వెంటనే మేనేజరుకు నోటు రాశాను, మన పొట్టే వాడవచ్చునని. పాలకవర్గం ఒప్పుకుంది. ఆ నోటు నాకు సంఘంలో కొంత పేరు తెచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు బాగానే రుచించింది.

జూలై ఆఖరి వారంలో రెండు లారీల పొట్టు దిగింది. దింపుతున్న కూలీల్లో సువార్తమ్మ ఉంది. సువార్తమ్మ పుట్టిల్లు రాజోలు అవతలే. పెళ్లికి ముందు పీచు యార్డులో డొక్కలు కొట్టిన మనిషి. ఆమె ఒక గుప్పెడు తీసి, తడి చేసి పిండి, చుక్క నాలుక మీద వేసుకుని పక్కకు ఉమ్మేసింది.

"ఉప్పండి మేడంగారూ. ఇది ఏట్లో నానిన డొక్కండి" అంది.

ఆమె ఏరు అన్నది ఉప్పుటేరును. సముద్రం పోటు ఎక్కినప్పుడు ఉప్పునీరు అందులోకి వస్తుంది. నేను నవ్వాను. పోయినేడు మీటరుతో చూశానని, నాలుకతో పరీక్ష చేయడం మా చదువులో లేదని అన్నాను.

"ఆయ్. మరైతే మీటర్నే అడగండి" అంది, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా.

మీటరుకు బ్యాటరీ లేదు. కొత్తది పంపమని హెడ్డాఫీసుకు రాసి పదిహేను రోజులైంది. సరుకు దిగాక ఇరవై ట్రేల్లో విత్తనం వేసి, వారం ఆగి చూసి, అప్పుడు మిగతావి నింపాలన్నది నేను పెట్టుకున్న పద్ధతే. ఆ పద్ధతిని నేనే తప్పాను. నా నోటు మీద నాకంత నమ్మకం. ఆగస్టు ఒకటో తేదీన, మొత్తం పన్నెండు వందల ట్రేల్లో మొదటి విడతగా నాలుగు వందలు నింపించి టమాటా, వంగ వేయించాను. సువార్తమ్మ కూడా నింపింది, మారుమాట అనలేదు. అనలేదు కాబట్టి నాకు మరింత తప్పుగా తోచాల్సింది, తోచలేదు.

అయిదో రోజున పట్టా తీస్తే మొలక అక్కడొకటి ఇక్కడొకటి కనిపించింది. ఎనిమిదో రోజుకు వచ్చిన మొలకల బీజదళాల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. నారుకుళ్ళు తెగులైతే కాండం మొదట్లో మెత్తబడి మొక్క పడిపోతుంది. ఇక్కడ కాండం గట్టిగా ఉంది, అంచు మాత్రమే మాడింది. అది ఉప్పు పని. ఎవరినీ అడగక్కర్లేకుండా నాకు తెలిసిపోయింది. నేనూ ఒక గుప్పెడు పొట్టు తడిపి పిండి నాలుక మీద వేసుకున్నాను. సువార్తమ్మ చూసి చూడనట్టు అటు తిరిగిపోయింది. ఆ మర్యాద నన్ను తిట్టిన దానికంటే ఎక్కువ బాధించింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పీచు యార్డుకు వెళ్లాను. అక్కడ అరగంటలో అంతా అర్థమైంది. డొక్కలు ఉప్పుటేట్లో ఊరవేసి పీచు తీస్తారు, పొట్టు ఆ ఉప్పును పట్టుకుని ఉంటుంది. కొంత ఆరుబయట గుట్ట పోస్తారు, కొంత షెడ్డులో పోస్తారు. నేను అక్టోబరులో, వానలన్నీ కురిసి వెలిశాక, బయటి గుట్ట మీద చేతికందిన చోట రెండు గుప్పిళ్లు తీసుకున్నాను. మూడు నెలల వాన కడిగిన పై పొర అది. మా లారీలకెక్కింది షెడ్డులో చుక్క వాన తగలని పొట్టు. నమూనా గుట్ట పైన, నడుమ, లోపల మూడు చోట్లా తీసి కలపాలని డిప్లొమా మొదటి ఏడాదిలోనే చెబుతారు. ట్రైనింగుకు వచ్చిన పిల్లలకు నేనే ఎన్నిసార్లు చెప్పానో. గుట్ట ఎక్కడానికి ఆ రోజు బద్ధకించాను, అంతే. ముప్పై ఏళ్ల సర్వీసు అక్కడ వెలవెలబోయింది.

మర్నాడు మేనేజరుగారు వచ్చారు. ఆయన పేరు కూడా రాయను. రాస్తే ఆయనకు లేని ప్రాముఖ్యం వస్తుంది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, మేనేజిమెంటు చదివారు, మహా మర్యాదస్తులు. గొంతెత్తి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. పొట్టు సరఫరా చేసినవారు పాలకవర్గంలో ఒకరికి దగ్గరి బంధువని నాకు అప్పటికే తెలుసు. మేనేజరుగారు మాడిన ట్రేలు చూసి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి అన్నారు:

"మీకెందుకండి మేడం ఈ తలనొప్పి, రెండేళ్లలో హాయిగా వెళ్లిపోయేవారు. వానలకి నారు కుళ్లిందని ఒక్క లైను రాసేయండి. మిగతా ట్రేలు ఇదే పొట్టుతో నింపేయండి, ఎన్ని బతికితే అన్నే ఇద్దాం."

షేడ్‌నెట్ మీద ప్లాస్టిక్ కప్పు ఉండగా లోపలి నారు వానకు ఎలా కుళ్లుతుందని అడిగాను. అయితే విత్తనం మంచిది కాదని రాయమన్నారు. విత్తనం అదే రకం, అదే సంచి, ట్రేలు వేసిన నాడే పెరట్లో మట్టిలో చల్లితే గింజ పోకుండా మొలిచిందని చూపించాను. అప్పుడాయన సంచిలోంచి ఫైలు తీసి నా పాత నోటు బల్ల మీద పరిచారు. దాని మీద నా సంతకం ఉంది. పొట్టు బాగోలేదంటే ముందు బాధ్యత ఎవరిదవుతుందో ఆలోచించుకోమని అన్నారు, అంతే మెత్తగా. సరుకు అందిన ఫారంలో 'నాణ్యత సంతృప్తికరం' అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ నా సంతకం పడితేనే సరఫరాదారు ఒడ్డున పడతాడు. పెన్ను కూడా ఆయనే అందించారు.

నాకు భయం వేయలేదని చెప్పను. సర్వీసు చివర్లో చార్జి పడితే ఆ విచారణ ఎన్నేళ్లు సాగుతుందో తోటి ఉద్యోగుల విషయంలో చూసినదాన్ని. కానీ కోపం భయం కంటే పెద్దదిగా వచ్చింది. ఆయన మీద కోపం సగం, నా మీద నాకు సగం. నేను బద్ధకించి తీసిన రెండు గుప్పిళ్లను చూపించి, నలభై రెండు కుటుంబాల పంటకాలం మింగుదామని చూస్తున్నారు. పెన్ను తీసుకున్నాను. ఆ గడిలో 'ఉప్పు ఎక్కువ. నారుకు పనికిరాదు. తిరస్కరించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. తరవాత ఒక తెల్లకాగితం తీసుకుని, ఆయన ఎదుటే, ఉత్తరం రాశాను. పోయిన అక్టోబరులో నేను తీసిన నమూనా తప్పు, గుట్ట పై పొర నుంచే తీశాను, నా నోటు ఆ తప్పు నమూనా మీద ఆధారపడింది, పరీక్ష ట్రేలు వేయకుండా నాలుగు వందల ట్రేలు నింపించింది కూడా నేనే, ఈ రెంటికీ బాధ్యత నాది; సరుకు మాత్రం ఉప్పు సరుకు. అంతే రాశాను. ఆయన రెండుసార్లు చదివారు. ఇలా ఎవరైనా రాసుకుంటారా అండీ అన్నారు. నేను రాసుకున్నానన్నాను.

లేచి వెళుతూ ఆయన ఒక ఆర్డరు వేశారు. పొట్టును కడగడానికి వీల్లేదట. కడిగితే ఉప్పున్నట్టు మనమే ఒప్పుకున్నట్టవుతుందట. ఆ ఆర్డరు కాగితం మీద ఇప్పించమన్నాను. చూద్దాం అన్నారు. కాగితం మీద లేని ఆర్డరు నా ముప్పై ఏళ్లలో నేనెన్నడూ ఆర్డరుగా లెక్కపెట్టలేదు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో సువార్తమ్మను పిలిచాను. నీ నాలుకే నిజం చెప్పింది, నేను వినలేదు, ఇప్పుడు దీన్ని ఎలా కడగాలో నువ్వే చెప్పు అన్నాను.

ఆమె కొంగు నడుముకు చుట్టింది. "తొట్టెలో కడిగితే దాని ఉప్పు దానికే అంటుతుందండి. పారే నీళ్లు కావాలి. వరి విత్తనం నానేస్తాం చూడండి, అలాగ" అంది.

నర్సరీ వెనక పంట బోదె ఉంది. గోదావరి కాలవ నీరు అందులో ఆగకుండా పారుతుంది. వరి విత్తనాల మూటలు నానవేసినట్టే పొట్టును గోనె సంచుల్లో సగానికి నింపి, మూతి కట్టి, గట్టున పాతిన గుంజలకు తాళ్లతో వరసగా కట్టాం. పొట్టు మొదట నీళ్ల మీద తేలింది. ఆడవాళ్లు బోదెలోకి దిగి సంచుల మీద నిలబడి తొక్కారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. టీ డికాక్షన్ రంగు నీళ్లు సంచుల్లోంచి దిగిపోతూనే ఉన్నాయి. నాలుగు రోజులు తొక్కారు, నేనూ చీర ఎగ్గట్టి దిగాను. నాలుగో సాయంత్రం సంచులు పైకి లాగి, తొట్టెలో కాల్షియం నైట్రేటు కలిపిన నీళ్లలో ఒక పూట నానబెట్టాం. పొట్టు పట్టుకుని వదలని ఉప్పును ఆ మందు వదిలిస్తుంది. ఈ సంగతి నా చదువులో ఉంది, ఆమె అనుభవంలో లేదు. తొట్టెలోంచి తీసి మళ్లీ బోదెలో ఒక కడుగు కడిగాక సువార్తమ్మ పిండి రుచి చూసి ఉప్పు పోయిందంది, తరవాత నేను చూశాను. ఆ మధ్యాహ్నమే బ్యాటరీ వచ్చింది. మీటరు కూడా ఆమె మాటే చెప్పింది. కడగని పొట్టును కూడా కొలిచి, ఆ అంకె, తేదీ రిజిస్టరులో ఎక్కించాను.

ఇంక విత్తనం. మాడిపోయిన నాలుగు వందల ట్రేలకు మళ్లీ విత్తనం కావాలి. బీరువాలో రిజర్వు విత్తనం ఉంది. దాన్ని తీయాలంటే మేనేజరు అనుమతి ఉండాలి. అడిగితే పది రోజులు పడుతుందని, పది రోజులైతే పదును దాటిపోతుందని నాకు తెలుసు. ఆగస్టు పదిహేను వచ్చింది. ఆ పూట జెండా వందనానికి మేనేజరుగారు హెడ్డాఫీసులో ఉండితీరాలి, సెలవు రోజు గనక ఫోన్లు కూడా రావు. మా జెండా మేం ఏడు గంటలకే ఎగరేసి, చాక్లెట్లు పంచుకుని, బీరువా తాళం తీసి, రిజిస్టరులో 'రిజర్వు విత్తనం ఇన్‌చార్జి సొంత బాధ్యత మీద తీయడమైనది' అని రాసి ట్రేలు నింపడం మొదలుపెట్టాం. ఆ రోజు పదకొండు మందీ సెలవు వదులుకుని వచ్చారు. రమ్మని నేను అడగలేదు. రెండు రోజుల్లో ట్రేలన్నీ నిండాయి. రిజర్వు విత్తనం మొత్తానికి సరిపోలేదు. అందరి ఇండెంట్లలోనూ ఆరింట ఒక వంతు కోత పెట్టాల్సి వచ్చింది. నా బద్ధకానికి రైతులు కట్టిన సుంకం అది.

మూడు రోజులకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. అందులో మూడు అభియోగాలు. పైవారి ఆజ్ఞకు విరుద్ధంగా పొట్టు కడగడం, అనుమతి లేకుండా రిజర్వు విత్తనం తీయడం, సరఫరాదారు ప్రతిష్ఠకు భంగం కలిగించడం. మూడూ చేశాననే జవాబు రాశాను. మొదటిదానికి మాత్రం ఆ ఆజ్ఞ ప్రతి జతచేయవలసిందిగా కోరాను. ఆ ప్రతి ఎక్కడి నుంచి వస్తుంది? సెప్టెంబరు మొదటి వారంలో రావులపాలెంలోని హెడ్డాఫీసు మేడ మీద పాలకవర్గం ముందు హాజరు కమ్మన్నారు.

వెళ్లేటప్పుడు రెండు స్టీలు గ్లాసులు, రెండు సీసాలు తీసుకెళ్లాను. ఒక సీసాలో కడగని పొట్టు నానబెట్టి, వడకట్టి, మరిగించిన నీళ్లు. రెండోదాంట్లో కడిగిన పొట్టువి. సరఫరాదారు తరపున తెచ్చిన ల్యాబు సర్టిఫికెట్టు అప్పటికే అందరి చేతుల్లోనూ తిరుగుతోంది. నమూనా ఎక్కడ తీశారో అందులో లేదు. నా నోటులోనూ లేదు, కాబట్టి ఆ విషయంలో నేను ఎవరినీ ఆక్షేపించదలచుకోలేదు. గ్లాసుల్లో నీళ్లు పోసి, ముందు నేనే రెండూ నోట్లో వేసుకుని, అధ్యక్షులవారి ముందు పెట్టాను. ఆయన పెద్దవారు, వరీ కొబ్బరీ చేసినవారు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని రుమాలు తీసుకున్నారు. గ్లాసు పక్కకు జరిగింది. ఒక్కొక్కరే చూశారు. మేనేజరుగారి దగ్గరికొచ్చేసరికి ఆయన చేయి అడ్డం పెట్టారు.

"నాకొద్దండి. నాకు బీపీ అండి, ఉప్పు పడదండి" అన్నారు.

అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకున్నారు. "అయితే ఉప్పుందనేనన్నమాట తమరి ఉద్దేశం కూడా" అన్నారు.

నేను నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన క్రమశిక్షణ నేను మరెన్నడూ పాటించలేదు.

సెప్టెంబరు మూడో వారంలో నీరు తీసింది. టమాటా ట్రేలు ముందు, వంగ ట్రేలు తరవాత ఆటోల్లోనూ పడవల్లోనూ లంకలకు వెళ్లాయి. పంపే ముందు వారం పాటు నీళ్లు తగ్గించి, షేడ్‌నెట్ పక్కకు లాగి మొక్కలను ఎండకు అలవాటు చేశాం. పెద్దిరాజుగారికి ముప్పై ఆరు ట్రేలు రావలసి ఉండగా ముప్పై ఇచ్చాను. తక్కువైనది నా తప్పు వల్లనేనని, ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. ఆయన ఒక మొక్కను ముద్దతో సహా పైకి లాగి, వేళ్లు చూసి, మళ్లీ గుంటలో పెట్టారు. "ఆరు తక్కువైనాయండి. అది బాధేనండి. కానీ పదునుకొచ్చేయి గదండి" అన్నారు. నాటిన వారానికి నేను లంకకు వెళ్లి చూశాను. వరసలు నిలబడి ఉన్నాయి. ఆసామీ గట్టు మీద నిలబడి చూసి, పడవెక్కి వెళ్లిపోయాడట. కౌలు ఆ ఏడాదికి పెద్దిరాజుగారిదే అయింది. చివరనున్న ఆరు ట్రేల మేర చేను ఖాళీగా ఉంది, అది కూడా చూశాను.

మెమో సంగతి పాలకవర్గం ఆ సమావేశంలో తేల్చలేదు. ఆ నెలాఖరున అధ్యక్షులవారు నన్ను ఇంటికి పిలిపించి కాఫీ ఇప్పించారు. మెమో రద్దు చేస్తామన్నారు. సరఫరాదారుకు కూడా ఏమీ ఉండదు, ఇకమీదట పొట్టు కడిగి పంపుతాడు. బదులుగా నేను చేయవలసింది ఒకటే. ఫైల్లోంచి నా ఉత్తరం వెనక్కి తీసుకోవాలి. "మీ తప్పూ ఉండదమ్మా, ఇంకొకరి తప్పూ ఉండదు. రిటైర్మెంటుకి మా చేతుల మీదుగా ఘనంగా సన్మానం చేస్తాం" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, అందరూ బాగుండాలని నిజంగానే అనుకున్నారు. ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు కూడా ఇచ్చారు. నాకు రోజు అక్కర్లేకపోయింది.

ఎందుకంటే ఆ ఉత్తరం తీసేస్తే ఫైల్లో మిగిలేది నా పాత నోటు ఒక్కటే. మన పొట్టు శుభ్రంగా ఉంది, వాడవచ్చు అనే నోటు. నా తరవాత ఆ బల్ల వెనకకు వచ్చే మనిషి దాన్ని చదివి, నా సంతకం చూసి, అనుభవం ఉన్నావిడ రాసిందని నమ్మి ట్రేలు నింపుతాడు. అప్పుడు మాడేది నాలుగు వందలో, పన్నెండు వందలో తెలియదు. నా తప్పును నా పరువు కోసం దాచితే, దాన్ని మరొకరి చేత మళ్లీ చేయించినట్టే. వెనక్కి తీసుకోనని చెప్పాను. అక్టోబరులో నన్ను విత్తనాల గోదాముకు మార్చారు. మిగిలిన సర్వీసంతా సంచుల మధ్యనే గడిచింది. సన్మానం జరగలేదు. మెమో మాత్రం రద్దు కాకుండా, ముందుకు సాగకుండా, నాతో పాటే రిటైరైంది.

పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది పెద్దగా లేదు. గుట్ట ఎక్కండి, లోపలి నుంచి నమూనా తీయండి. తప్పు జరిగితే మీ చేతిరాతతో, మీ పేరుతో, ఇంకొకరు పట్టుకునే ముందే రాసిపెట్టండి. అలా రాసుకున్న మనిషిని బెదిరించడానికి ఏ మేనేజరు సంచిలోనూ కాగితం మిగలదు. నా నోటు, దాని వెనకే నా ఉత్తరం ఉన్న ఆ ఫైలు ఇప్పుడు కొత్తపేట నర్సరీలో ఉంది. పొట్టు కొనే ముందు దాన్ని చూడటం ఇన్‌చార్జి విధి. నా నోటు చదివినవారు తరవాతి పేజీ తిప్పకుండా సంతకం పెట్టలేరు. ఆ పేజీ నాది, నర్సరీ వదిలే ముందే రెంటికీ వరస నంబర్లు వేసి రిజిస్టరులో ఎక్కించి, దాన్ని ఎవరూ చింపకుండా చూసుకున్నాను.